హక్కా? దయా? — వృద్ధాప్య బీమా లేవనెత్తిన ధర్మప్రశ్న

చెయ్యి ఆడినంత కాలం మనిషి తన అన్నం తాను సంపాదించుకొంటాడు. చెయ్యి ఆడని కాలం ప్రతివానికీ వచ్చి తీరుతుంది. ఆ కాలంలో అతని విస్తరిలో పడిన అన్నం ఎవరిది? కన్నకొడుకు పెట్టినదా? ధర్మాత్ముడు వడ్డించినదా? ప్రభుత్వం దయతలచి ఇచ్చినదా? లేక అతడే ఏనాడో కష్టించి సంపాదించుకొన్నదా? అన్నం ఎక్కడిదైనా ఆకలి ఒకే విధంగా తీరుతుంది గదా అని పైకి తోచవచ్చును. కాని తినేవాని మనస్సుకు ఈ నాలుగూ ఒకటి కావు. ఒక ముద్ద తలవంచుకొని తినవలసినది. మరొక ముద్ద తలయెత్తుకొని తినదగినది. వృద్ధుని పోషించడం ఎంత ధర్మమో, ఆ పోషణ అతని గౌరవాన్ని హరించకుండా చూడడం అంతకంటె సూక్ష్మమైన ధర్మం.

ఈ సూక్ష్మధర్మాన్ని గురించి ఒక దేశం బహిరంగంగా తర్కించుకొని, శాసనరూపంలో సమాధానం చెప్పుకొన్న సందర్భం ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కనిపిస్తుంది. అక్కడి వృద్ధాప్య బీమా 1935లో పుట్టినది. 1939లో మరణించిన కార్మికుల కుటుంబాలకు విస్తరించినది. 1950లో అంతవరకు వాకిటి బయట నిలబెట్టిన లక్షలాది శ్రామికులను లోనికి పిలిచినది. ఆ చరిత్రను పరిశీలించినచో ఏది హక్కు, ఏది దయ అన్న ప్రశ్నకు తేలికగా దొరకని సమాధానమొకటి దొరుకుతుంది.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికా ప్రజల పాత నమ్మకమొకదానిని కూలద్రోసినది. ముసలితనంలో లేమి అనుభవించేవాడు వయసులో సోమరిగానో దుబారాగానో బ్రతికి ఉంటాడనేది ఆ నమ్మకం. బ్యాంకులు మూతపడి జీవితకాలపు పొదుపు మాయమైనప్పుడు, పొదుపరులు కూడ బిచ్చగాళ్ళైనారు. బిడ్డలకే పని లేనప్పుడు తల్లిదండ్రులను ఎవరు పోషింతురు? బీదల శాలలే కొందరికి గతి. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నివాసి, వైద్యుడైన ఫ్రాన్సిస్ టౌన్సెండ్, అరవై యేండ్లు దాటిన వారికి నెలకు 200 డాలర్లు ఇవ్వవలెననీ, వారు దానిని ఆ నెలలోనే ఖర్చు చేయవలెననీ ప్రచారం ప్రారంభించగా లక్షలమంది వెంట నడిచినారు. 1934లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, కార్మిక మంత్రిణి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినాడు. దాని ఫలితమే 1935 ఆగస్టు 14న ఆయన సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం.

ఆ చట్టంలో వృద్ధులకు రెండు దారులు కలవు. మొదటిది సహాయం. అది కావలసినవాడు తాను నిరుపేదనని రుజువు చేసుకోవలెను. అధికారి వచ్చి ఇంటి స్థితిగతులు విచారిస్తాడు. బిడ్డలు పోషించగలరా అని పలు రాష్ట్రాలు అడిగేవి. ఇల్లుంటే దానిపై ప్రభుత్వపు హక్కు వ్రాసుకొనేవీ ఉండేవి. రెండవది బీమా. కార్మికుని జీతంలో నూటికి ఒకటి, యజమాని నుండి నూటికి ఒకటి, సంవత్సరానికి 3,000 డాలర్ల వేతనం వరకు 1937 జనవరి నుండి వసూలు చేసినారు. అరవై అయిదేండ్లు నిండి పని విరమించినవాడు ఈ దారిలో తన పేదరికాన్ని రుజువు చేయనక్కరలేదు. తన పనిని రుజువు చేస్తే చాలును. మొదటి దారి “నీకు ఏమి లేదు?” అని అడుగుతుంది. రెండవ దారి “నీవు ఏమి చేసినావు?” అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నల నడుమనున్న వ్యత్యాసంలోనే మానవ గౌరవమంతా ఇమిడి ఉన్నది.

1939లో చట్టాన్ని సవరించి, కార్మికుని భార్యకు, వితంతువుకు, చిన్నబిడ్డలకు కూడ భృతి కల్పించినారు. భర్తకు రావలసిన దానిలో నాలుగింట మూడు వంతులు వృద్ధ వితంతువుకు దక్కేది. అంతవరకు ఒక వ్యక్తికి చేసిన బీమా అప్పటి నుండి ఒక కుటుంబానికి చేసిన బీమా అయినది. సంపాదించే చెయ్యి చల్లబడినా ఆ ఇంటి పొయ్యి చల్లారరాదనేదే దాని భావం.

నెలసరి భృతిలో మొట్టమొదటి చెక్కు 1940 జనవరి 31న వెలువడినది. అందుకొన్నది వెర్మాంట్ రాష్ట్రంలోని లడ్లో గ్రామానికి చెందిన ఐడా మే ఫుల్లర్. న్యాయవాదుల కార్యాలయంలో పనిచేసి విశ్రమించిన మహిళ. ఆ చెక్కు విలువ 22 డాలర్ల 54 సెంట్లు. మూడేండ్లలో ఆమె చెల్లించిన మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. అనగా రెండవ నెలతోనే ఆమె చెల్లించినది తీరిపోయినది. నూరేండ్లు బ్రతికి 1975లో కన్నుమూసేనాటికి ఆమె అందుకొన్న మొత్తం 22,888 డాలర్ల 92 సెంట్లు.

ఇక్కడ ధర్మవిచారం మొదలవుతుంది. ఫుల్లర్ అందుకొన్నది ఆమె సొమ్మేనా? లెక్క చూస్తే కాదు. ఆమె దాచుకొన్నది కొద్ది. పొందినది దానికి దాదాపు తొమ్మిది వందల రెట్లు. ఆ తేడా ఆ తరువాత పనిచేసిన వారి చెమట నుండి వచ్చినది. అయితే అది దానమా? అదీ కాదు. ఏ అధికారీ ఆమె బీరువా తెరచి చూడలేదు. ఎవరికీ ఆమె దండం పెట్టలేదు. సొంత ధనమూ కాక, దానమూ కాక, మూడవదైన దానిని ఏ పేరుతో పిలువవలెను? ఆ చట్టాన్ని నడిపినవారు “శ్రమించి సంపాదించుకొన్న హక్కు” అన్నారు. ఆ మాట నిజమైతే అందులో సంపాదన అనేది డబ్బులో లేదు, శ్రమలో ఉన్నది.

కాని శ్రమే హక్కుకు మూలమైతే ఆనాటి చట్టం ఎంత అన్యాయమైనదో కూడ అంతే స్పష్టమవుతుంది. 1935 శాసనం వ్యవసాయ కూలీలను, ఇండ్లలో పనిచేసేవారిని వదలివేసినది. స్వయంవృత్తులవారు, ప్రభుత్వోద్యోగులు, ధర్మసంస్థలలో పనిచేసేవారు కూడ బయటనే ఉన్నారు. దేశంలోని శ్రామికులలో ఇంచుమించు సగం మందికి దాని నీడ దొరకలేదు. నల్లజాతి శ్రామికులలో అధికసంఖ్యాకులు పొలాలలోను, పరుల వంట యిండ్లలోను పనిచేసేవారే. అందువల్లనే వారి సంఘం పక్షాన న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ 1935లో సెనేట్ సంఘం ఎదుట ఈ బిల్లును జల్లెడతో పోల్చినాడు. ఆ జల్లెడ కన్నాలు నల్లవారిలో ఎక్కువమంది జారిపోయేటంత పెద్దవని వాదించినాడు. చెల్లాచెదురుగా ఉన్న పొలాల నుండి, ఇండ్ల నుండి పన్ను వసూలు చేయడం కష్టమని ఖజానా శాఖ చెప్పినది. దక్షిణాది భూస్వాముల ప్రయోజనమే అసలు కారణమని పలువురు చరిత్రకారులు చెప్పుచున్నారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. కాగితాలు సర్దిన వేళ్ళకు వృద్ధాప్యంలో గౌరవం దక్కినది. ప్రత్తి ఏరిన వేళ్ళకు, అంట్లు తోమిన వేళ్ళకు దక్కలేదు.

తరువాతి పదేండ్లలో బీమా దారి వాడిపోసాగినది. 1940 నుండి 1950 నాటికి ధరలు నూటికి డెబ్బైకి పైగా పెరిగినవి. భృతి మాత్రం కదలలేదు. వసూలు రేటును పెంచడాన్ని కాంగ్రెసు పదే పదే వాయిదా వేసినది. 1940వ దశకమంతా బీమా భృతి పొందే వృద్ధులకంటె పేదల సహాయం పొందే వృద్ధులే ఎక్కువ. సగటున బీమా భృతికంటె సహాయమే పెద్ద మొత్తం. పనిచేసి చందా కట్టినవానికంటె నిరుపేదనని రుజువు చేసుకొన్నవానికే ఎక్కువ దక్కే స్థితి అది. 1948లోనైతే పత్రికలు అమ్మేవారిని, తిరుగుడు అమ్మకందారులలో అనేకులను “ఉద్యోగి” అన్న నిర్వచనం నుండి తొలగించే శాసనాలను అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ తిరస్కరించినా కాంగ్రెసు పట్టుబట్టి ఆమోదించినది. ఉన్న నీడ కూడ కుంచించుకుపోతున్నదన్నమాట.

ఆ ఏడే ఎడ్వర్డ్ స్టెటినియస్ అధ్యక్షతనగల సలహా మండలి సెనేట్‌కు నివేదిక సమర్పించినది. భృతిని పేదరికంతో కాక పనితోను, చెల్లింపుతోను ముడిపెట్టడమే మేలనీ, అందుకొరకు పనిచేసే ప్రతివానినీ చేర్చుకోవలెననీ దాని సారాంశం. 1950 ఆగస్టు 28న ట్రూమన్ సంతకం చేసిన సవరణ చట్టం ఆ బాటనే నడిచినది. భృతి సగటున నూటికి 77 వంతులు పెరిగినది. ఫుల్లర్ చెక్కు 41 డాలర్ల 30 సెంట్లయినది. స్థిరంగా పనిచేసే వ్యవసాయ కూలీలు, ఇంటి పనివారు, వ్యవసాయేతర స్వయంవృత్తులవారిలో అధికభాగం చేరి, సుమారు కోటిమంది కొత్తగా బీమా పరిధిలోకి వచ్చినారు. వయసు మీరిన వారికి కొద్దికాలపు చెల్లింపుతోనే, కనీసం ఆరు త్రైమాసికాలతోనే, అర్హత కల్పించినారు. ఇది లెక్కల మనిషికి నచ్చదు. చందా తక్కువ, ఫలం ఎక్కువ. కాని చట్టం వారిని పిలువని నలభై యేండ్లూ వారు పనిచేస్తూనే ఉన్నారు గదా! పిలువకపోవడం వారి తప్పు కాదు.

అయినను 1950 నాటి ద్వారం పూర్తిగా తెరచుకోలేదు. ఇంటి పనిమనిషికి చట్టం వర్తించవలెనంటే ఒకే ఇంట మూడు నెలలలో 24 రోజులైనా పనిచేసి, 50 డాలర్ల నగదు వేతనం పొంది ఉండవలెను. వారానికొక రోజు చొప్పున ఆరు ఇండ్లలో పనిచేసే స్త్రీ సంగతి యేమి? మూడు నెలలకు పదమూడు వారాలు. ఏ ఇంటనైనా ఆమెకు పడేది పదమూడు రోజులే. వారమంతా నడుము వంచినా చట్టం కంటికి ఆమె పని చేయనట్లే! 1954లో అధ్యక్షుడు ఐసెన్హోవర్ కాలంలో రోజుల లెక్క తీసివేసి, వేతనపు లెక్క మాత్రమే ఉంచినప్పుడు ఆమె శ్రమ చట్టానికి కనబడినది. ఆ ఏడే సొంతసేద్యపు రైతులు కూడ చేరినారు. 1956లో, యాభై యేండ్లు దాటి అంగవైకల్యం వలన పనిచేయలేని కార్మికులకు భృతి వచ్చినది.

లోనికి పిలువబడిన వారిని అందరూ ఆదరించినారని కాదు. టెక్సాస్ రాష్ట్రపు మార్షల్ పట్టణంలో కొందరు గృహిణులు, తమ ఇంటి పనివారి కొరకు పన్ను వసూలు చేసి కట్టడం తమ స్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కి ఓడిపోయినారు. అయిదు పది సెంట్ల పన్ను వారికి భారమై ఉండదు. తమ వంట యింటిలో పనిచేసే మనిషికి తమకులాగే ఒక ప్రభుత్వ ఖాతా, ఒక అంకె, ఒక హక్కు ఏర్పడడమే వారిలో కొందరికైనా కొత్తగా, కొరుకుడుపడనిదిగా తోచి ఉండవచ్చును.

శ్రమలో ఎక్కువ తక్కువలు లేవన్న మాట ఈ పత్రిక చదివే ఇండ్లకు కొత్త కాదు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణ నగరంలో చాకలి, పడవవాడు, చెప్పులు కుట్టేవాడు సరిసమానంగా కూర్చున్నది కాయకం అనే ఒక్క భావం వలననే. కాయకానికి ప్రతిఫలం కూడబెట్టుకొనేందుకు కాదనీ, దాసోహంగా సమాజంలోకి మరలిపోవలసినదనీ బసవేశ్వరుని బోధ. అమెరికా శాసనకర్తలకు ఈ బోధ తెలిసి ఉండనక్కరలేదు. కాని నేటి కార్మికుని చేతి నుండి నేటి వృద్ధుని చేతికి పోయే ఆ సొమ్మును అర్థం చేసుకొనేందుకు పొదుపు, దానం అన్న రెండు మాటలూ చాలనప్పుడు, ఈ రెండు పదాల జత కొంత వెలుగునిస్తుంది.

ఇక ఆక్షేపణలు రెండు గలవు; రెండూ తోసిపుచ్చదగినవి కావు. ప్రభుత్వమే పోషిస్తే బిడ్డల ధర్మం నశించదా అనేది మొదటిది. ఆలోచించదగిన మాటే. కాని పూర్వపు పేదసహాయ చట్టాలు బిడ్డలను కోర్టుకీడ్చి పోషణ రాబట్టేవి. దాని వలన తల్లిదండ్రులకు, బిడ్డలకు మధ్య పెరిగినది ప్రేమ కాదు. తన ఖర్చుకు తనకు ఆధారమున్న తండ్రి కొడుకింట అతిథి. ఏ ఆధారమూ లేని తండ్రి కొడుకింట భారం. భారాన్ని మోయడం కర్తవ్యం కావచ్చును, అతిథిని ఆదరించడం ఆనందం. భృతి తీసివేసేది కొడుకు ధర్మాన్ని కాదు, ఆ ధర్మంలోని నిర్బంధాన్ని. నిర్బంధం తొలగిన తరువాత మిగిలేదే అసలైన పితృభక్తి. అది మిగలని చోట నిందించవలసినది భృతిని కాదు.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. హక్కు అంటున్నారే, ఆ హక్కును ఎవరు కాపాడుదురు? దీనికి అమెరికా సుప్రీంకోర్టు 1960లో కఠినమైన సమాధానం చెప్పినది. బల్గేరియా నుండి 1913లో వచ్చిన ఎఫ్రమ్ నెస్టర్ అనే వలసదారు దాదాపు రెండు దశాబ్దాలు ఈ పన్ను చెల్లించి, 1955లో నెలకు 55 డాలర్ల 60 సెంట్ల భృతికి అర్హుడైనాడు. 1930లలో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడై ఉండెనన్న కారణంగా 1956లో అతనిని దేశం నుండి పంపివేసినారు. అట్టివారికి భృతి నిలిపివేయవలెనని 1954లో చేర్చిన నిబంధన ప్రకారం అతని భృతి ఆగిపోయినది. చందా చెల్లించినంత మాత్రాన భృతిపై ఆస్తిహక్కు ఏర్పడదనీ, దానిని మార్చే అధికారం కాంగ్రెసుకు కలదనీ అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. నలుగురు భిన్నాభిప్రాయం ప్రకటించినారు.

ఆ తీర్పుతో ఒక భ్రమ తొలగినది. ఈ హక్కు బ్యాంకులోని నిలువ వంటిది కాదు. తాళం వేసి దాచుకోదగినది కాదు. ఇది ఒక తరం మరొక తరానికి ఇచ్చిన మాట. మాటకు తాళం చెవి ఉండదు. మాట ఇచ్చినవారి నిజాయితీయే దానికి కాపలా. అంతమాత్రాన అది తక్కువదా? తల్లి బిడ్డకు పెట్టిన పాలకు పత్రం లేదు. గురువు చెప్పిన విద్యకు రసీదు లేదు. మానవ సంబంధాలలో మిక్కిలి విలువైనవన్నీ మాటపైననే నిలిచి ఉన్నవి. కాని అట్టి మాటను తమకు నచ్చని ఒక్క మనిషి విషయంలో తప్పినను, అది మిగిలిన అందరి విషయంలోనూ బలహీనపడుతుంది. నెస్టర్ రాజకీయాలు ఏవైనా కావచ్చును. అతడు చేసిన పని మాత్రం పనే.

“ఎవరి పని పని?” అన్న ప్రశ్న అక్కడితో ముగియలేదు. ఉపాధ్యాయురాలైన పౌలా వైసెన్ఫెల్డ్ 1972లో ప్రసవ సమయంలో మరణించినది. ఆమె చందా పూర్తిగా చెల్లించినది. తండ్రి మరణించి ఉంటే బిడ్డను పెంచే తల్లికి భృతి దక్కేది. తల్లి మరణించినందున, బిడ్డకు తప్ప, పెంచే తండ్రికి లేదన్నారు. 1975లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ భేదాన్ని కొట్టివేసినది. స్త్రీ చెల్లించిన డాలరు పురుషుని డాలరుకంటె తక్కువ రక్షణ ఇవ్వరాదన్నదే అందులోని న్యాయం. ఇంట వండి వడ్డించే గృహిణి పనికి మాత్రం నేటికీ ప్రత్యేకంగా ఖాతా లేదు. భార్యగానో వితంతువుగానో మాత్రమే ఆమెకు వాటా. జల్లెడ కన్నాలు చిన్నవైనవి గాని, పూర్తిగా మూసుకుపోలేదు.

1972 చట్టం ధరలను బట్టి భృతి తానే పెరిగే ఏర్పాటు చేసినది. వృద్ధుల సంఖ్య పెరిగినందున 1983లో పూర్తి భృతి పొందే వయస్సును క్రమంగా 67కు పెంచుటకు నిర్ణయించినారు. నేడు కార్మికుడు నూటికి 6.2, యజమాని నూటికి 6.2 చెల్లించుచున్నారు. ఇప్పుడున్న పద్ధతియే సాగితే 2030వ దశకంలో నిధి నిలువ తరిగిపోయి, పూర్తి భృతి చెల్లించుటకు రాబడి చాలదని దాని ధర్మకర్తల నివేదికలే హెచ్చరించుచున్నవి. అక్కడ ఉద్యోగం చేసే తెలుగు ఇంజనీర్ల జీతాలలో నుండి కూడ ఈ పన్ను పోవుచున్నది. సాధారణంగా నలభై త్రైమాసికాల పని పూర్తికాకుండా తిరిగి వచ్చినవారికి దాని ఫలం అందదు. వారు కట్టిన సొమ్ము ఎవరో ముక్కు మొహం తెలియని ముసలమ్మ చెక్కులో కలిసిపోతుంది. అది నష్టమా, ధర్మమా అని ఆ ఇండ్లలో చర్చ జరిగితే, పై ప్రశ్నలన్నియు మరల తలెత్తును.

కావున హక్కా, దయా అన్న ప్రశ్నకు సమాధానం ఈ విధంగా తేలుతున్నది. డబ్బు లెక్కలో చూస్తే వృద్ధుని భృతి పూర్తిగా అతని హక్కు కాదు. అతడు ఇచ్చినది ఏనాడో ఖర్చయిపోయినది. మనిషి లెక్కలో చూస్తే అది దయ ఎంతమాత్రమూ కాదు. అతడు వేసిన రోడ్డుపై నేటి తరం నడుస్తున్నది, ఆమె పెంచిన బిడ్డలు నేడు పన్ను కట్టుచున్నారు. అది ఋణం. ఋణం తీర్చేవాడు తాను దాతనని అనుకోరాదు. తీసుకొనేవాడు తాను యాచకుడనని అనుకోరాదు. ఒక సమాజం ఎంత ధనికమైనదో దాని ఖజానా చెప్పును; ఎంత ధార్మికమైనదో, అది ఎవరెవరి చేతులను పనిచేసిన చేతులుగా గుర్తించినదో ఆ జాబితా చెప్పును. ఆ జాబితాలో ఇంకను చేరని పేర్లు ఉన్నంత కాలం, చేరినవారి హక్కు కూడ సగం హక్కే.